రేకు విద్యకు అక్షరం తోడు కావలె

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో పదవ తరగతి తప్పిన పిల్లవానిని గూర్చి పెద్దలు సామాన్యంగా పలికే మాట ఒకటున్నది: "వీనికి ఇక చదువు అబ్బదు, ఏ షెడ్డులోనైనా చేర్పించండి." ఆ ఒక్క మాటలో రెండు అపోహలు దాగి ఉన్నవి. షెడ్డులో పనిచేసేవానికి చదువు అక్కరలేదనేది మొదటిది. చదువుకొన్నవానికి షెడ్డుతో పని లేదనేది రెండవది. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, మర్రిపాడు, అనంతసాగరం ప్రాంతాల కుటుంబాలలో అన్నయో, మేనమామయో, చిన్నాన్నయో నెల్లూరిలోగాని, విజయవాడలోగాని, చెన్నైలోగాని టింకరింగ్ షెడ్డులో సుత్తి పట్టి జీవించుట మనకు కొత్త విషయం కాదు. కావున ఈ రెండు అపోహలనూ మన కళాశాల వార్షిక సంచికలో చర్చించుట అవసరమని మేము భావిస్తున్నాము. ఇందుకు మోటారు వాహనానికి ఇనుప రేకుతో, కేవలం చేతి పనితో, బాడీని నిర్మించే విద్యను ఉదాహరణగా తీసుకొంటున్నాము.

'రేకు' అనే తెలుగు మాట ఎంతో సుకుమారమైనది. పూవుకు ఉన్నదీ రేకే, ఇనుమును పలుచగా సాగదీసినదీ రేకే. తాళ్ళపాక కవుల సంకీర్తనలను తిరుమలలో శతాబ్దాల పాటు కాపాడినవి రాగిరేకులు. ఉర్దూలో 'చాదర్' అనే మాట సంగతీ ఇట్టిదే. కప్పుకొనే దుప్పటికీ, లోహపు పలకకూ అదే పేరు. మన కళాశాలలో వినిపించే రెండు భాషలూ ఆ వస్తువుకు ఇంత మృదువైన పేరు పెట్టగా, దానిని మలిచేవానిని మాత్రం మన సమాజం 'సుత్తి కొట్టేవాడు' అని తేలికగా తీసిపారవేయుట విచారకరం. ఆ సుత్తి దెబ్బలో ఎంత శాస్త్రం ఇమిడి ఉన్నదో ముందుగా పరిశీలింతము.

ఒక కాగితాన్ని గొట్టంగా చుట్టవచ్చును, పొట్లంగానూ మడవవచ్చును. దానినే ఒక బంతికి అంటించబోతే ముడుతలు పడునే తప్ప బంతిని అంటిపెట్టుకొనదు. చదునైన తలాన్ని సాగదీయకుండా, కుదించకుండా గోళతలంగా మార్చుట అసాధ్యమని జర్మన్ గణితవేత్త గౌస్ 1827లో ప్రకటించిన సిద్ధాంతం నుండి తేలుతున్నది. కారు మడ్‌గార్డు, బానెట్టు అంచు, పైకప్పు మూలలు ఇవన్నియు రెండు దిశలలోనూ వంపు తిరిగినవే. చదునైన రేకును ఆ రూపానికి తేవలెనంటే కొన్నిచోట్ల లోహాన్ని సాగదీయవలె, మరికొన్నిచోట్ల కుదించవలె. ఎక్కడ ఏది, ఎంత అన్నదే ఈ విద్యకు మూలం. గౌస్ పేరు వినని మేస్త్రి ఆ సిద్ధాంతాన్ని ప్రతిదినమూ తన చేతితో నిరూపిస్తున్నాడు.

సాగదీయుటకు రేకును ఇసుక నింపిన తోలు సంచి మీదగాని, గుంట తొలిచిన చెక్క దిమ్మ మీదగాని ఉంచి చెక్క సుత్తితో కొడతారు. దెబ్బ పడినచోట లోహం పలుచబడి గిన్నెవలె దిగుతుంది. కుదించుటకు అంచున చిన్న చిన్న ముడుతలు పెట్టి, అవి విచ్చుకొని పోకుండా లోనికి కొట్టుకొంటూ వస్తారు. అక్కడ లోహం దగ్గరపడి మందమెక్కుతుంది. దెబ్బ తిని ఉబ్బిన రేకును సరిచేయుటకు మరియొక ఉపాయమున్నది. గ్యాసు మంటతో రూపాయి బిళ్ళంత చోటును ఎర్రగా కాల్చి, చుట్టూ సుత్తితో కూర్చి, తడిగుడ్డతో చల్లార్చితే ఆ చోటు బిగుసుకొంటుంది. పదే పదే కొట్టిన ఇనుము గట్టిపడి పగులుటకు సిద్ధమవుతుంది. అప్పుడు దానిని కాల్చి, మెల్లగా ఆరనిచ్చి, తిరిగి మెత్తబరచవలె. ఇదంతయు ఎంత మందం గల వస్తువు మీద జరుగుచున్నదో గమనించవలె. సాధారణంగా వాడే 20 గేజి రేకు మందం సుమారు 0.9 మిల్లీమీటరు. గేజి సంఖ్య పెరిగినకొద్దీ రేకు పలుచనవుతుంది. ఒక మిల్లీమీటరు కూడా లేని ఆ మందంలోనే సాగుటకూ, కుదియుటకూ చోటు చూచుకొనవలె.

రేకును ముట్టుటకు ముందే చేయవలసిన పని మరి కొంత ఉన్నది. చెక్కతోగాని, సన్నని ఇనుప కడ్డీలతోగాని కోరిన ఆకారానికి చట్రం కట్టవలె. అట్టముక్కలను కత్తిరించి ప్రతి వంపుకూ నమూనా తీయవలె. ఎడమ మడ్‌గార్డు కుడిదానికి అద్దంలోని ప్రతిబింబం వలె ఉండవలె గనుక ఒక్కొక్క కొలతను రెండు మార్లు సరిచూడవలె. ముక్కలను అతికేటప్పుడు ఒక కొస నుండి వరుసగా వెల్డింగు చేసుకొంటూ పోతే వేడికి రేకు మెలితిరిగిపోతుంది. అందుచేత దూరదూరంగా చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, తరువాత మధ్య ఖాళీలను పూరిస్తారు. చివరి పరీక్ష కంటిది కూడా కాదు, అరచేతిది. కన్ను పట్టలేని ఎత్తుపల్లాలను అరచేయి పట్టుకొంటుంది. పిదప రంగు వేసినప్పుడు దాని మీద పడిన వెలుతురు గీత వంకర లేకుండా సాగితే పని నిలిచినట్లు. పుట్టీ మందంగా పూసి లోపాన్ని కప్పిపుచ్చిన పని కొన్ని వానాకాలాలు గడిచేసరికి పెచ్చులూడి బయటపడుతుంది.

ఉదయగిరి విద్యార్థులకు ఈ సంగతి మరింత సులభంగా బోధపడవలె. ఆ ఊరి కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు దూరదేశాల వరకు పేరు పొందినవి. దుర్గం కొండల అడవిలో దొరికే నర్ది, బిక్కి వంటి కొయ్యలతో ముస్లిం కుటుంబాల వారు, అందులోనూ స్త్రీలు, వానిని చెక్కుతున్నారు. చెంచా గుంటకు కూడా రెండు దిశల వంపే. అయితే కొయ్యలో అక్కరలేనిదానిని తొలగించి ఆకారం తెస్తారు. రేకులో తొలగించుటకేమీ లేదు. ఉన్న లోహాన్నే ఒకచోటి నుండి మరియొక చోటికి నడిపించవలె. చెంచా చెక్కే చేతినీ, మడ్‌గార్డు మలిచే చేతినీ ఒక్క సాన మీద పదును పెట్టవచ్చునని మా విశ్వాసం.

ఈ విద్య చరిత్ర కూడా తక్కువది కాదు. మోటారు కారు పుట్టిన తొలి దశాబ్దాలలో రోల్స్ రాయిస్ వంటి సంస్థ ఇంజనుతో కూడిన చాసిస్‌ను మాత్రమే అమ్మేది. దానిపై బాడీని కోచ్ బిల్డర్లు అనబడే పనివారు చేతితో కట్టేవారు. గుర్రపు బండ్లు కట్టిన చేతులే మోటారు బండ్లను కట్టినవి. హైదరాబాదు నిజాము కొరకు సిద్ధమైన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ 'సింహాసనం కారు'కు బాడీని నిర్మించినది లండన్‌లోని బార్కర్ సంస్థ. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు దానిని చూడవచ్చును. అదే 1912లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ బడ్డ్ స్థాపించిన సంస్థ, అచ్చు యంత్రాలతో ఉక్కు బాడీలను పెద్దయెత్తున తయారుచేయు మార్గాన్ని చూపినది. దానితో కోచ్ బిల్డర్ల యుగం క్రమంగా అస్తమించినది.

మన దేశంలో మాత్రం ఆ విద్య బస్సులనూ, లారీలనూ ఆశ్రయించి బ్రతికినది. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా ప్రారంభమైనది. 1942లో హైదరాబాదులో నెలకొన్న ఆల్విన్ మెటల్ వర్క్స్, రిఫ్రిజిరేటర్లతోనూ, చేతి గడియారాలతోనూ ఇంటింటా పేరు పొందినదే అయినను, బస్సు బాడీల నిర్మాణంలోనూ ప్రసిద్ధి చెందినది. ఆ కర్మాగారం నేడు లేకపోయినా అక్కడ పని నేర్చినవారి విద్య ఎన్నో షెడ్లకు పాకినది. 1960లలో విజయవాడలో వెలసిన జవహర్ ఆటోనగర్ లారీ బాడీలకు దక్షిణ దేశమంతటా పేరుగాంచినది. ఆత్మకూరు మీదుగా కృష్ణపట్నం రేవుకు సాగిపోయే జాతీయ రహదారి పక్కన నిలబడి చూస్తే, కంపెనీ నుండి వచ్చిన చాసిస్ మీద మన పనివారు కట్టిన బాడీలు ఎన్నియో కానవస్తాయి.

కారు బాడీని కేవలం చేతితో కట్టినవారు మన తెలుగునాట లేరా అని విద్యార్థులు అడుగవచ్చును. ఉన్నారు. హైదరాబాదు బహదూర్‌పురాలో నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సమీపంలో 2010లో ప్రారంభమైన సుధా కార్స్ మ్యూజియం ఇందుకు తార్కాణం. దాని స్థాపకుడు కె. సుధాకర్ యాదవ్ పాఠశాలలో చదివే రోజులలోనే పాత సామానుతో బండ్లను తయారు చేయనారంభించారు. క్రికెట్ బ్యాటు, కెమెరా, బూటు, హ్యాండ్‌బ్యాగు, వంకాయ మొదలైన రూపాలలో ఆయన మలిచిన కార్లు బొమ్మలు కావు, ఇంజనుతో నడిచేవి. 2005లో ఆయన నిర్మించిన సుమారు 12.67 మీటర్ల ఎత్తు గల మూడు చక్రాల సైకిలు గిన్నిస్ గ్రంథానికి ఎక్కినది. వంకాయ ఆకారంలో రేకును మలుచుట వినోదంగా కనిపించవచ్చును. కాని అంతటా వంపే గల ఆ ఆకారంలో దాచుకొనుటకు చదునైన చోటు ఒక్కటి కూడా లేదని, ఇంతవరకు చెప్పిన సంగతులు మననం చేసుకొన్నవారు ఇట్టే గ్రహింతురు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. "అచ్చు యంత్రం ఒక్క దెబ్బతో తలుపును తీసివేయుచుండగా ఈ చేతి పని ఇంకెన్నాళ్ళు? పోయే విద్యను మన పిల్లలకు నేర్పనేల?" ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. పూర్తిగా కట్టిన బస్సులనూ, లారీలనూ కంపెనీలే అమ్ముట పెరిగినది. సరకు లారీలకు ఎయిర్ కండిషన్ గల క్యాబిన్ ఉండవలెనన్న నిబంధన 2025 అక్టోబరు నుండి తయారయ్యే వాహనాలకు వర్తిస్తున్నది. అట్టి క్యాబిన్ కేవలం షెడ్డు పనితో సిద్ధమయ్యేది కాదు. అయినను యంత్రం తీసిన తలుపు కూడా రోడ్డు మీదికి వచ్చిన తరువాత సొట్టపడుతుంది. దానిని సరిచేయుటకు మళ్ళీ మనిషి చేయే కావలె. 2014లో అంబాసిడర్ కారు ఉత్పత్తి ఆగిపోయినది. అట్టి పాత బండ్లకు విడి భాగం దొరకనప్పుడు రేకు కత్తిరించి కొత్తది మలచగలవాడే దిక్కు.

అయితే నేటి బండి నాటి బండి కాదు. అంబాసిడర్ రేకును ఎంత కాల్చినా, ఎంత కొట్టినా ఓర్చుకొన్నది. నేటి కార్ల స్తంభాలలోనూ, పక్క కమ్ములలోనూ వాడే అధిక బలం గల ఉక్కును మంటతో కాల్చితే దాని బలమే పోతుంది. పైకి నున్నగా కనిపించిన ఆ స్తంభం మరొక ప్రమాదంలో లోపలివారిని కాపాడలేదు. అల్యూమినియం కాలినప్పుడు ఇనుమువలె ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. విద్యుత్ కారులో అధిక వోల్టేజి తీగలు ఎక్కడ ఉన్నవో తెలియక వెల్డింగు చేయబోవుట ప్రాణాంతకం. ఏ భాగాన్ని కాల్చవచ్చును, ఏ భాగాన్ని కోసి మార్చవలె అన్నది కంపెనీ ఇచ్చే మరమ్మతు గ్రంథంలో ఉంటుంది. ఆ గ్రంథం తరచుగా ఆంగ్లంలో ఉంటుంది. ముప్పది ఏండ్ల అనుభవం గల ఉస్తాదుకు దానిని చదివి చెప్పగల షాగిర్దు నేడు కావలసి ఉన్నది. చదువు అక్కరలేదన్న షెడ్డుకే ఇప్పుడు చదువు అత్యవసరమైనదని మేము చెప్పుటకు ఇదియే కారణం.

చట్టం సంగతి కూడా అట్టిదే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవానికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే స్పష్టం చేసినది. బస్సు బాడీ నిర్మాణానికి ప్రత్యేక ప్రమాణాలున్నవి. ఎవరో కోరినారని పైకప్పు కోసి, చాసిస్ సాగదీసి, కొత్త రూపమిచ్చిన బండి ప్రదర్శనకు పనికివచ్చునేగాని రోడ్డు మీదికి రాకూడదు. ఈ నిబంధనలను తిట్టుకొనుట తగదు. బాడీ లోపల కూర్చుండేవి మానవ ప్రాణాలు. కాని వానిని చదివి అర్థం చేసుకొనే అవకాశం లేని పనివాడు, యజమాని చెప్పిన పని చేసి, చివరకు నింద మాత్రం తన మీద వేసుకొంటున్నాడు.

ఈ వృత్తిలో ఎవరున్నారో చూతము. 2006 నవంబరులో సమర్పింపబడిన సచ్చర్ కమిటీ నివేదిక, ముస్లిం శ్రామికులు అధికంగా గల రంగాలలో మోటారు వాహనాల మరమ్మతును కూడా పేర్కొన్నది. షెడ్లలో 'ఉస్తాద్', 'షాగిర్ద్' అనే మాటలు మతభేదం లేకుండా చలామణి అగుట మనమెరిగినదే. ఇంతమంది ఆధారపడిన విద్యకు ప్రభుత్వ పట్టికలో చోటెక్కడ? 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 సాంప్రదాయిక వృత్తులను ప్రకటించినారు. కమ్మరి ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తాళాలు చేసేవాడు, సుత్తులు చేసేవాడు కూడా ఉన్నారు. ఆ సుత్తిని పట్టి రేకును మలిచేవాడు మాత్రం ఆ పట్టికలో లేడు. అతడు సాంప్రదాయిక వృత్తికారుడుగా లెక్కకు రాడు, ఇంజనీరుగానూ లెక్కకు రాడు. ఈ రెండు మెట్ల నడుమ అతని జీవితం గడిచిపోతున్నది. సుత్తి మోతకు చెవుడు, సానరాతి ధూళికీ స్ప్రే రంగు ఆవిరికీ ఊపిరితిత్తుల బాధ, వెల్డింగు వెలుతురుకు కంటిమంట అతనికి వృత్తితోపాటు వచ్చే కానుకలు. చెవులకు అడ్డు, ముక్కుకు తగిన మాస్కు, కంటికి నల్లద్దం పెద్ద ఖర్చులు కావు. అవి అవసరమని అతనికి చెప్పినవారే తక్కువ.

బాలురను షెడ్లకు తోలుటకు మేము ఈ వ్యాసం వ్రాయుట లేదని స్పష్టం చేయవలె. 2016లో సవరింపబడిన చట్టం ప్రకారం పదునాలుగు ఏండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకొనుట నేరం. ఆ వయస్సులో పిల్లవాని చోటు పాఠశాలయే. మేము కోరునది వేరు. చదువు సాగించిన యువకుడు ఇష్టపడి ఈ విద్యను చేపట్టినప్పుడు సమాజం చిన్నచూపు చూడరాదు. ఇప్పటికే పనిలో ఉన్నవానికి చదువు ద్వారం మూసివేయరాదు.

మన కళాశాల పాలకవర్గం వారికి ఈ సందర్భంగా కొన్ని మనవులు చేయదలచినాము. ఇవి పెద్ద ధనవ్యయంతో కూడినవి కావు. మొదటిది, ఏడాదికి రెండు మూడు పర్యాయాలైనా అనుభవజ్ఞుడైన రేకు మేస్త్రిని కళాశాలకు ఆహ్వానించి, వేదిక మీద కుర్చీ వేసి, విద్యార్థుల ఎదుట పని చేసి చూపించమని కోరవలె. గణిత విభాగం వారు ఆ రోజున గోళతల పాఠాన్నీ, భౌతికశాస్త్ర విభాగం వారు లోహాల వ్యాకోచాన్నీ ఆ పని పక్కనే బోధింపవచ్చును. రెండవది, సాయంకాలాలలో షెడ్డు పనివారికి కొలతల రేఖాచిత్రాలు గీయుట, చదువుట నేర్పే తరగతిని ఒక గదిలో నడపవలె. మూడవది, ఐ.టి.ఐ.లలో షీట్ మెటల్ వర్కర్, ఆటో బాడీ రిపేర్ ట్రేడులు ఉన్నవనీ, బడిలో చదవకుండానే పని నేర్చినవారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు కౌశల్ వికాస్ యోజనలో ఉన్నదనీ తెలియజెప్పే బాధ్యతను ఒక అధ్యాపకునికి అప్పగించవలె. నాలుగవది, విశ్వకర్మ పట్టికలో ఈ వృత్తిని చేర్చవలసినదిగా కళాశాల పక్షాన ఒక విజ్ఞాపన పంపవలె.

విద్యార్థి మిత్రులారా, మీరు చేయవలసినదీ ఒకటున్నది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ బంధువులు పనిచేసే షెడ్డుకు ఒక నోటు పుస్తకంతో వెళ్ళండి. ప్రతి పనిముట్టుకూ, ప్రతి దెబ్బకూ, రేకులో కనిపించే ప్రతి దోషానికీ అక్కడివారు తెలుగులో ఏమంటారో, ఉర్దూలో ఏమంటారో అడిగి వ్రాసుకొనండి. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ దొరకవచ్చునని ఆశపడకండి. అవి ఆ ఉస్తాదుల నోట మాత్రమే ఉన్నవి, వారితోనే పోగలవు. తెలుగు విభాగమూ, ఉర్దూ విభాగమూ కలిసి ఆ మాటలను ఒక చిన్న పుస్తకంగా కూర్చి, పక్కనే మరమ్మతు గ్రంథాలలోని ముఖ్య సూచనలను సులభమైన భాషలో చేర్చినచో, మన రెండు విభాగాలు కలిసి చేసిన పనులలో అంతకంటె ఉపయోగకరమైనది మరియొకటి ఉండబోదు.

అక్షరాలను రాగిరేకు మీద చెక్కి తరువాతి తరాలకు అందించిన జాతి మనది. రేకు మలిచేవాని విద్యను అక్షరంలో పెట్టుట ఇప్పుడు మన వంతు. ఈ విద్యా సంవత్సరంలోనే తొలి మేస్త్రిని మన వేదిక మీదికి పిలిచి, తొలి సాయంకాలపు తరగతికి తలుపు తెరువవలసినదిగా పాలకవర్గం వారిని సవినయంగా కోరుచున్నాము.